నిజాము రాజ్యపు పూచీ రైలు



వర్షము కురిసినను కురియకున్నను, పంట పండినను ఎండినను నూటికి ఐదు వంతున వడ్డీ చెల్లింతునని ఎవడైన పత్రము వ్రాసియిచ్చినచో మనమేమందుము? హైదరాబాదు సంస్థానము లండను కంపెనీ కిచ్చిన పూచీ అట్టిదే. ఆ కథ విన్నవించెదను.

తొలిదారి కంపెనీది కాదు. బొంబాయి మద్రాసు మార్గముననున్న వాడినుండి సికింద్రాబాదునకు 1874లో బండ్లు నడిచినవి. సొమ్ము హైదరాబాదుది, తొందర మాత్రము ఆంగ్లేయులది. సికింద్రాబాదు దండునకు సైన్యమును వేగముగా చేర్చుట వారి యుద్దేశము.

1883 ఫిబ్రవరిలో దివాను సాలార్‌జంగు మరణించెను. నవాబు మహబూబు ఆలీఖాను అప్పటికింకను మైనరు. ఆ సంవత్సరముననే లండనులో కంపెనీ ఏర్పడెను. రైలును చాందా వైపునకును, బెజవాడ వైపునకును పొడిగించుట సంకల్పము. పెట్టుబడిపై ఇరువది యేండ్లు నూటికి 5 చొప్పున సర్కారు పూచీపడెను. రాబడి మూడే వచ్చెననుకొనుడు, తక్కిన రెండును ఖజానా ఇచ్చుకొనవలె. ఖజానా నింపునది రైతు శిస్తే గదా!

ఈ షరతులను ప్రజలకు తెలియజేయుడని కొందరడిగిరి. వారిలో అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము ముఖ్యులు. అఘోరనాథుడు సరోజినీదేవి తండ్రి, ఆమెకప్పుడు నాలుగేండ్లు. ఆయన కళాశాలలో విద్య గరపుచుండెను. ప్రశ్నకు సమాధానము రాలేదు, దేశబహిష్కారము వచ్చినది! కొంతకాలమునకు ఆయనను మరల రానిచ్చిరి. లెక్క యడిగినవాని నూరు వెడలగొట్టుట లెక్క సరిగా నున్నదనుటకు సాక్ష్యము కాదని నా యభిప్రాయము.

అయినను దారి వలన కలిగిన మేలును కాదనరాదు. 1885లో కంపెనీ రైలును స్వాధీనపరచుకొని, 1886లో ఓరుగల్లునకును, 1889లో బెజవాడకును చేర్చెను. అంతకు ముందు కింగుదొర యిల్లెందు ప్రాంతమున నేలబొగ్గు కనుగొనియుండెను. బొగ్గు బరువైన సరకు; ఎడ్లబండ్లపై దూరదేశము తోలిన కిరాయియే ధరను మింగివేయును. డోర్నకల్లు నుండి గనులకు శాఖ పడిన పిదపనే సింగరేణి బొగ్గునకు గిరాకి ఏర్పడినది. ఇక తెలంగాణమునకును కోస్తాకును నడుమ రోజుల తరబడి సాగెడి ప్రయాణము గంటల లెక్కకు దిగినది. 1901 నాటికి మన్మాడు వరకు సన్నపట్టాల దారియు పూర్తియయ్యెను.

1930లో నిజాము ప్రభుత్వము కంపెనీని కొని రైలును తన చేతికి తీసికొనెను. 1951లో అది భారత ప్రభుత్వపు సెంట్రల్ రైల్వేలో కలిసినది. డోర్నకల్లు కూడలి మీదుగా బొగ్గుబండ్లు నేటికిని పోవుచునే యున్నవి.