ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్ తుది పోటీలు: వేదిక ఎంపికలో అమెరికా రాష్ట్రాల అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

పాఠశాల స్థాయి క్రీడల్లో విజేత ఎవరన్నది మైదానంలో తేలుతుంది. ఆ మైదానం ఏ ఊరిలో ఉండాలన్నది మాత్రం అంతకు ఎంతో ముందుగానే కార్యాలయాల్లో తేలుతుంది. ఈ రెండవ నిర్ణయం పత్రికల్లో చోటు చేసుకోవడం అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్ తుది పోటీలకు వేదికలను ఏ ప్రాతిపదికన ఎంపిక చేస్తున్నదీ పాత్రికేయ మిత్రుల, క్రీడాధికారుల సౌకర్యార్థం ఇక్కడ వివరించడమైనది. అక్కడ ఫుట్‌బాల్ అనగా మనం ఎరిగిన కాలిబంతి ఆట కాదనీ, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట అనీ పాఠకులు గమనించగలరు.

ఆ దేశంలో పాఠశాలల జట్లకు జాతీయ స్థాయి తుది పోటీ అంటూ అధికారికంగా ఏదీ లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలోనే పాఠశాలల క్రీడాసంఘం ఉండి, తన విజేతను తానే నిర్ణయిస్తుంది. కనుక వేదిక విషయంలో కూడా ఎవరి పద్ధతి వారిదే.

టెక్సస్ రాష్ట్రంలో ఈ బాధ్యతను 1910లో ఏర్పాటైన యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ నిర్వహిస్తున్నది. రాష్ట్రస్థాయి ఫుట్‌బాల్ విజేతను ఈ లీగ్ 1920 నుండి నిర్ణయిస్తున్నది. తుది పోటీకి ముందు జరిగే నాకౌట్ దశల్లో వేదికను లీగ్ నిర్ణయించదు. ఆయా పాఠశాలల శిక్షకులే ఒకరితో ఒకరు సంప్రదించుకొని ఉభయులకూ సమ్మతమైన చోటును, రోజును, వేళను ఖరారు చేసుకుంటారు. సాధారణంగా రెండు ఊళ్లకూ నడుమనున్న మూడవ పాఠశాల మైదానం వైపు మొగ్గు చూపుతారు. ఏకాభిప్రాయం కుదరనప్పుడు నాణెం ఎగురవేస్తారు. ఆ నాణెంలో ఓడిన జట్టు, ఎదుటివారి సొంత గడ్డపై, వారి అభిమానుల కేకల మధ్య ఆడవలసి వస్తుంది. అందువలన చాలామంది శిక్షకులు నాణేన్ని నమ్ముకోవడం కంటే కొంత దూరం ఎక్కువైనా తటస్థ వేదికకే అంగీకరిస్తారు. ఖర్చులు పోను మిగిలిన గేటు వసూళ్లను ఇరు పాఠశాలలూ పంచుకుంటాయి గనుక, ఎక్కువ మంది కూర్చోగల స్టేడియం దొరికితే ఇద్దరికీ లాభమే.

తుది పోటీల విషయం వేరు. ఇక్కడ వేదికను లీగ్ తానే నిర్ణయిస్తుంది. డల్లాస్ సమీపంలోని ఆర్లింగ్టన్ పట్టణంలో 2009లో ప్రారంభమైన, నేడు ఏ.టి. అండ్ టి. స్టేడియంగా పిలువబడుతున్న వేదిక 2010 దశకం నుండి ఈ పోటీలకు నిలకడైన చిరునామాగా మారింది. సుమారు 80,000 సీట్లు, అవసరాన్ని బట్టి మూసుకొనే పైకప్పు దీని ప్రత్యేకతలు. 2015లో మాత్రం పోటీలు హ్యూస్టన్ నగరంలోని ఎన్.ఆర్.జి. స్టేడియానికి తరలి, మరుసటి సంవత్సరం తిరిగి వచ్చాయి. కోవిడ్ మహమ్మారి కారణంగా పెద్ద పాఠశాలల తుది పోటీలు 2021 జనవరికి వాయిదా పడినప్పుడు కూడా వేదిక మారలేదు.

ఆర్లింగ్టన్ తటస్థ వేదిక అని లీగ్ భావన. కాగితంపై అది నిజమే, ఆ మైదానం ఏ పాఠశాలకూ సొంతం కాదు. అయితే టెక్సస్ చిన్న రాష్ట్రం కాదు. పశ్చిమాన ఎల్ పాసో నుండి ఆర్లింగ్టన్‌కు రోడ్డు మార్గంలో దాదాపు 1,000 కిలోమీటర్లు, దక్షిణపు కొసన గల బ్రౌన్స్‌విల్ నుండి 850 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. డల్లాస్ శివారు పట్టణాల వారికి ఇది ఒక గంట ప్రయాణం. ఆ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పట్టణాలలో తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడిన సంగతి విదితమే. అక్కడి పాఠశాలల్లో చదివే మన పిల్లల తల్లిదండ్రులకు ఈ వేదిక పొరుగూరితో సమానం. దక్షిణపు సరిహద్దున కూలి చేసుకొనే తల్లిదండ్రులకు అది ఒక రాత్రి బస, రెండు రోజుల వేతనం.

ప్రేక్షకుల రికార్డులను పరిశీలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. 1945లో డల్లాస్ కాటన్ బౌల్‌లో హైలాండ్ పార్క్, వేకో జట్ల మధ్య 7-7తో సమంగా ముగిసిన తుది పోటీకి 45,790 మంది వచ్చారు. హైలాండ్ పార్క్ డల్లాస్ నగరం చుట్టుముట్టిన పట్టణమే. 1977లో ఇర్వింగ్‌లోని టెక్సస్ స్టేడియంలో ప్లేనో జట్టు 13-10 తేడాతో పోర్ట్ నెచెస్-గ్రోవ్స్‌పై గెలిచినప్పుడు 49,953 మంది హాజరయ్యారు. ప్లేనో పొరుగు పట్టణం కాగా, ఓడిన జట్టు లూసియానా సరిహద్దు దాపున సముద్రతీరం నుండి వచ్చింది. 2013లో ఆర్లింగ్టన్‌లో ఆలెన్, పియర్‌ల్యాండ్ జట్ల పోటీకి 54,347 మంది వచ్చి ఆ రికార్డును అధిగమించారు. ఆలెన్ కూడా డల్లాస్ శివారే, పియర్‌ల్యాండ్ హ్యూస్టన్ వైపుది. మూడు సందర్భాల్లోనూ వేదిక ఒక జట్టు ఇంటి ముంగిట ఉండడం గమనార్హం. నిర్వాహకులు గర్వంగా ప్రకటించే సంఖ్యలకూ, వారు కోరుకొనే తటస్థతకూ మధ్య ఈ పేచీ ఉన్నది. వేదిక నివేదికల్లో హాజరు సంఖ్యతో పాటు ఏ జట్టు ఎంత దూరం నుండి వచ్చిందన్న గడి కూడా ఉంటే బాగుండునని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

శీతల రాష్ట్రాలలో వాతావరణమే తొలి ప్రాతిపదిక. అయోవాలో 1976లో ప్రారంభమైన యు.ఎన్.ఐ. డోమ్, పైకప్పు ఉన్న కారణంగా అప్పటి నుండి తుది పోటీలకు స్థిర వేదికగా ఉంటూ వచ్చింది. మిన్నెసోటాలో మెట్రోడోమ్‌ను 2014లో కూల్చివేసిన తరువాత, కొత్త కప్పు స్టేడియం 2016లో సిద్ధమయ్యే వరకు తుది పోటీలను నవంబరు చలిలో ఆరుబయట విశ్వవిద్యాలయ మైదానంలో జరపవలసి వచ్చింది.

ఒహాయో అనుభవం మరొక విధంగా ఆలోచింపజేస్తుంది. అక్కడ 1990 నుండి 2013 వరకు తుది పోటీలు క్యాంటన్, మాసిలాన్ అనే పొరుగు పట్టణాలలో జరిగాయి. వీటి మధ్య దూరం సుమారు 13 కిలోమీటర్లు. ఈ రెండు ఊళ్ల పాఠశాలల మధ్య ఫుట్‌బాల్ వైరం 1894 నుండి కొనసాగుతున్నది. 2014లో పోటీలను రాజధాని కొలంబస్‌లోని ఒహాయో స్టేడియానికి మార్చారు. లక్ష మందికి పైగా పట్టే ఆ వేదికలో పదివేల మంది వచ్చినా ఖాళీ సీట్లే కంటికి కనిపిస్తాయి. మూడేళ్ల అనంతరం, 2017లో, పోటీలు తిరిగి క్యాంటన్‌కు చేరాయి. 2023లో రెండవ డివిజన్ తుది పోటీలో మాసిలాన్ జట్టు 7-2తో ఆక్రన్‌కు చెందిన ఆర్చ్‌బిషప్ హోబన్‌ను ఓడించి, ప్లేఆఫ్ విధానం వచ్చిన తరువాత తొలిసారిగా విజేతగా నిలిచింది. తరతరాల ప్రత్యర్థి సొంత మైదానంలో కప్పు అందుకోవడం ఆ ఊరివారికి ఎంతటి ఆనందమో ఊహించవచ్చు. పేరుకు అది తటస్థ వేదికే.

వేదికతో పాటు రోజు కూడా ప్రధానమే. టెక్సస్‌లో వర్ణ వివక్ష కొనసాగిన కాలంలో నల్లజాతి పాఠశాలలకు ప్రెయిరీ వ్యూ లీగ్ పేరిట 1920 నుండి వేరే సంఘం ఉండేది. నగరాలలోని స్టేడియాలను శుక్రవారం రాత్రులు తెల్లజాతి పాఠశాలలకు కేటాయించేవారు. అందువలన నల్లజాతి పాఠశాలలు అవే మైదానాల్లో బుధ, గురువారాలలో ఆడుకొనేవి. 1967లో మొదలైన విలీనంతో ఆ సంఘం 1970 నాటికి ముగిసింది.

నేటి పరిస్థితికి దానితో పోలిక లేదు. కానీ రోజుల కేటాయింపు ప్రశ్న మరో రూపంలో ఉండనే ఉంది. ఆర్లింగ్టన్‌లో నాలుగు రోజుల్లో 12 తుది పోటీలు నిర్వహించవలసి ఉంటుంది. అన్నింటికీ శనివారం దొరకదు. ఇటీవలి సంవత్సరాలలో అతి పెద్ద పాఠశాలల పోటీలు శనివారం జరుగుతుండగా, నూరుకు అటూ ఇటూ విద్యార్థులుండి ఆరుగురేసి ఆటగాళ్లతో ఆడే పల్లె పాఠశాలల పోటీలు బుధవారం నాడు జరుగుతున్నాయి. ఆ రోజున అలాంటి ఊళ్లలో బడికి సెలవు ఇచ్చి, దుకాణాలు మూసి, జనమంతా బస్సుల్లో బయలుదేరడం పరిపాటి. పాడి, పశువుల పనులను వదలి రాలేని వారు మాత్రం టీవీలోనే చూసుకుంటారు.