పడిశము, ఆవిరి, నీలగిరి తైలము

ఇంట నొకరికి పడిశము పట్టినచో వైద్యునికి కబురు పోవుటకు ముందే నీళ్ళకుండ పొయ్యి నెక్కును. వాము గాని పసుపు గాని వైచి, దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టుట మన స్త్రీలు తరతరములుగా నెరిగిన చికిత్స. అయితే మన గృహవైద్యములో ఏది ప్రాచీనము, ఏది నిన్నమొన్న వచ్చినది యని విచారించువారు తక్కువ. “పెద్దలనాటి మందు” అను మాటతోనే విచారణ ముగియుచున్నది. ఆ మాటను కొంచెము పరీక్షింపవలెనని మా తలంపు.

పడిశ మనునది సంస్కృత ప్రతిశ్యాయ శబ్దమునకు వికృతి. సుశ్రుతసంహితయందు నాసారోగములు 31గా లెక్కింపబడినవి. ప్రతిశ్యాయమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. ముక్కున మందు వేయు నస్యకర్మను మన వైద్యులు మిక్కిలి గౌరవించిరి. అయినను చరకసంహిత శిరోవిరేచనమునకు తగనివారిని పేర్కొనుచు, క్రొత్తగా పడిశము పట్టినవానినిగూడ వారిలో చేర్చినది. ముక్కు బిగిసినతోడనే ఏదో యొక ఘాటైన చుక్క పోయువారు ప్రాచీనుల పేరు చెప్పుచునే ప్రాచీనుల నిషేధమును మరచుచున్నారు.

ఇక నీలగిరి తైలము. పేరునుబట్టి యిది మన కొండలలో పుట్టిన మందని పెక్కురు నమ్ముదురు. మా తరగతిలోని బాలురును అట్లే చెప్పుదురు. ఆ చెట్టు ఆస్ట్రేలియాది. 1843లో దానిని నీలగిరులపై నాటిరి. నాటినది మందుకొరకు గాదు, వంటచెరకుకొరకు! ఉదకమండలమున దొరలు చేరినకొలది షోలా అడవులు కట్టెలకై తరిగిపోగా, త్వరగా పెరుగు చెట్టు కావలసివచ్చెను. ఆకునుండి తైలము దీయు వ్యాపారమును 1850 దశకమున ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో జోసెఫ్ బొసిస్టో అను ఔషధవిక్రేత ఆరంభించెను. తరువాత నీలగిరులలోను ఆకు బట్టీల కెక్కెను. ఇట్లు పరదేశపు చెట్టు మన కొండ పేరు పెట్టుకొని మన అమ్మమ్మల మందుల పెట్టెలోనికి వచ్చినది. వచ్చుట తప్పు గాదు. మిరపకాయయు నట్లే వచ్చినది గదా.

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజన వ్యాపారమును స్థాపించిరి. వారే 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని వెలయించిరి. తెలుగు వచనము కొంతవరకు తలనొప్పిమందునకు ఋణపడియున్న దనవచ్చును.

పిప్పరమెంటు పువ్వు వంటి ఘాటుమందు ముక్కుదారిని వెడల్పు చేయదు. చలువను గుర్తించు నరములను తాకి, గాలి ధారాళముగ వచ్చుచున్నదను భావమును కల్పించును. ఆ నరములలోని గ్రాహకమును శాస్త్రజ్ఞులు 2002లో కనుగొనిరి. పెద్దలకు ఆ భావమును సుఖమే. చంటిబిడ్డల సంగతి వేరు. వారి ముక్కులకు కర్పూరము పూయుట ప్రమాదము. అది కడుపులోనికి పోయినచో మూర్ఛలు వచ్చును. మరుగునీటి గిన్నెయెదుట బిడ్డను కూర్చుండబెట్టి దుప్పటి కప్పుట అంతకంటె సాహసము. 2020లో కరోనా భయమున ఇంగ్లండునందును ఆవిరి పట్టబోయి ఒడలు కాల్చుకొన్న పిల్లలు హెచ్చిరని అచ్చటి వైద్యులు ప్రకటించిరి.

ఆర్భాటము లేని ఉప్పునీరే వీనికంటె మేలు. హఠయోగప్రదీపిక చెప్పిన నేతి దారముతో చేయునది. నీటితో చేయునది జలనేతి. నీటిని తెరల కాచి చల్లార్చిన పిమ్మటనే వాడవలెను. 2011లో అమెరికాలోని లూయిసియానాలో కొళాయి నీటితో ముక్కు కడుగుకొన్న యిద్దరు, ఆ నీటిలోని సూక్ష్మజీవి మెదడునకు ప్రాకి మరణించిరి.