పెట్టెలోని ఫేటియా

సేవాలాల్ జయంతికి, తీజ్‌కి మన పిల్లలు వేసుకునే డ్రెస్సుల్లో ఇప్పుడు ఎక్కువ భాగం రెడీమేడ్‌వే. మెరిసే పాలిస్టర్ గుడ్డ, దాని మీద అచ్చు వేసిన కుట్టుపని బొమ్మలు, జిగురుతో అంటించిన ప్లాస్టిక్ అద్దాలు. రెండు ఉతుకులకే అద్దాలు బకెట్ అడుగున కనబడతాయి. అదే ఇంట్లో దాదీ పెట్టె తెరిస్తే పాత ఫేటియా ఒకటి ఉండొచ్చు. రంగు కాస్త దిగి ఉంటుంది, అద్దం మాత్రం కదలదు. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి తండాల పిల్లలు తెలుసుకోవాలి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పూర్వం మనవాళ్లు అన్నీ సొంతంగా చేసుకునేవాళ్లని సభల్లో అంటుంటాం. అది పూర్తి నిజం కాదు. మనం బట్ట నేయలేదు, అద్దం పోయలేదు. గవ్వలు సముద్రం నుంచి వచ్చాయి. మన సర్టిఫికెట్లలో సుగాలి అని రాసినా, పుస్తకాల్లో లంబాడీ, బంజారా అని రాసినా, మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరానికీ దక్కనుకూ మధ్య తిరిగిన వర్తకులు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి నడిచిన కారన్‌వాలీస్ సైన్యానికి ధాన్యం మోసినవాళ్లలో బంజారాలు ముఖ్యులు. సరుకు కొని అమ్మడమే బతుకైన వాళ్లకు ఏది గట్టిదో, ఏది నాసిదో తెలియకుండా ఉంటుందా? వాళ్లు కొన్నారు, కానీ చూసి కొన్నారు. కొన్నదాన్ని ఆడవాళ్లు కుట్టి తమదిగా చేసుకున్నారు.

ఆ కుట్టు ఎలా పనిచేస్తుందో కాంచళి చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. అద్దానికి రంధ్రం ఉండదు. దాని మీదుగా అడ్డంగా, నిలువుగా దారాలు లాగి, ఆ దారాలను చుట్టూ కుట్టుతో బిగిస్తారు. అద్దం దారపు చట్రంలో కూర్చుంటుంది. మెడ దగ్గర, అంచు దగ్గర, రెండు ముక్కలు కలిసేచోట కుట్టు ఎక్కువ ఒత్తుగా ఉంటుంది. అవన్నీ త్వరగా చిరిగే చోట్లు. అంటే అందం కోసం వేసిందే గట్టిదనం కూడా ఇచ్చింది. బళ్లారి జిల్లా సండూరు లంబాణీ ఆడవాళ్లు ఈ కుట్లను 14 రకాలుగా లెక్కపెడతారు: కిలన్, వేలే, మాకీ, జాలియా, నక్రా... ఇలా ఒక్కోదానికి ఒక్కో పేరు. చిరిగిన బట్టనూ పారేయలేదు. పొరలుగా పేర్చి కుడితే సంచి అయింది, బొంత అయింది.

ఇక బిడారు ఆగిపోయిన కథ. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం వచ్చింది. ఆ శతాబ్దం చివరికి వినుకొండ, నరసరావుపేట మీదుగా రైలు నడిచింది. ఎద్దు నెలలో మోసేది బండి రోజులో మోసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. తిరిగే జాతి అంటేనే అనుమానం. ఆ చట్టం రద్దయింది 1952లో. ఈలోగా వర్తకులు కూలీలయ్యారు. నాలుగు ఊళ్లు చూసి ఎంచుకునేవాళ్లు దగ్గర సంతలో దొరికిందే కొనేవాళ్లయ్యారు.

రంగులూ ఆ కాలంలోనే మారాయి. కృష్ణా తీరపు చిరివేరు ఎరుపుకు పేరు. ఆ ఎరుపునిచ్చే అలిజరిన్‌ను 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు కృత్రిమంగా తయారుచేశారు. న్యాయంగా చెప్పాలంటే అలిజరిన్ మంచి రంగే. తంటా అంతా దానితోపాటు వచ్చిన చవక రంగులతో, ఒక్క ఉతుకుకే పక్క గుడ్డనూ ఎర్రగా చేసేవాటితో.

మారినవన్నీ నష్టమని నేననను. దంతపు బలియాలు పోయి ఎముకవి, ఆపైన ప్లాస్టిక్‌వి వచ్చాయి. 1986లో మన దేశపు ఏనుగు దంతం, 1991లో ఆఫ్రికా దంతం అమ్మకాలు నిషేధించారు. అది మంచి చట్టం. మిరప చేలో, మే నెల ఎండలో ఆ బరువు బట్టలు మోయడం సుఖమూ కాదు. బస్సుల్లో, బడుల్లో వినాల్సి వచ్చిన వెక్కిరింపుల వల్ల కూడా చాలామంది తల్లులు చీరలోకి మారారు. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. రోజూ ఫేటియా కట్టమని ఎవరూ అడగడం లేదు. పండగకు కట్టేది అసలుదై ఉండాలన్నదే మాట.

సండూరు కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జూలైలో హంపీలో జీ20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులు ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. మన పల్నాడు తండాల్లో ఈ కుట్టు వచ్చినవాళ్లు చాలావరకు ముసలివాళ్లే. వాళ్లలో కొందరికి సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనడం లేదు.

నేర్చుకోవాలనుకునే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు కూడా, రెండు మూడు సంగతులు. కొనే గుడ్డలోంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం వాసన వచ్చి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి గుండులా అవుతుంది. ఎర్రదారాన్ని తడి తెల్లగుడ్డ మీద రుద్దితే రంగు సంగతి అక్కడే తేలుతుంది. అద్దం గాజుదే కొనండి. పాత కాంచళిని తిరగేసి, కుట్టు వెనకవైపు ఎలా నడిచిందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఫేటియాకు నెలలు పడుతుంది కాబట్టి మొదట చిన్న సంచి పట్టండి. దారం మీరు ఎక్కించండి, మొదటి అద్దం దాదీ చేత వేయించండి. రెండోది మీరు వేయండి. వంకరగా వస్తే ఆవిడే విప్పిస్తుంది.