నవ్వు శిక్ష కానప్పుడు: ‘లార్స్ అండ్ ది రియల్ గర్ల్’ చిత్రంలో ఊరి పాత్ర

నలుగురిలో కలవలేని మనిషిని చూసి మనం ఎందుకు నవ్వుతాం? ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ నవ్వు గురించి 1900లో వెలువరించిన గ్రంథంలో దీనికి కటువైన జవాబే ఇచ్చాడు. ప్రాణమున్న మనిషి యంత్రంలా బిగుసుకుపోతే సమాజం నవ్వుతుంది. ఆ నవ్వు అతన్ని దారికి తెచ్చే దండన. అలా నవ్వాలంటే గుండె కాసేపు మొద్దుబారాలి. క్రెయిగ్ గిలెస్పీ దర్శకత్వంలో 2007లో వచ్చిన ‘లార్స్ అండ్ ది రియల్ గర్ల్’ ఈ సూత్రాన్ని తిరగేస్తుందని నా వాదన. ఇందులో వింత మనిషి లార్స్ అయినా, నవ్వు పుట్టేది మాత్రం అతని చుట్టూ ఉన్నవాళ్ల ప్రవర్తనలోంచి.

లార్స్ (రయన్ గాస్లింగ్) అన్నావదినల ఇంటి పక్కనే గరాజులో ఉంటాడు. ఎవరైనా తాకితే అతనికి ఒళ్లు కాలినట్టు నొప్పి పుడుతుంది. అతన్ని కంటూనే తల్లి చనిపోయింది. ఇప్పుడు వదిన కారిన్ గర్భవతి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న నిలువెత్తు శృంగార బొమ్మను అతను బియాంకా అనే స్నేహితురాలిగా పరిచయం చేస్తాడు. ఆమె దైవభక్తురాలు కాబట్టి అన్నావదినల ఇంట్లో వేరే గదిలో పడుకుంటుందంటాడు. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర అతను నిశ్చింతగా కబుర్లాడుతుంటే, అన్నావదినలు కొయ్యబారి కూర్చుంటారు. బెర్గ్‌సన్ చెప్పిన బిగుసుకుపోవడం ఇక్కడ మామూలు మనుషులకే వచ్చింది. బియాంకాకు వైద్యం పేరుతో లార్స్‌నే మాట్లాడించే డాక్టర్ డాగ్మార్, అతని నమ్మకాన్ని కాదనవద్దని సలహా ఇస్తుంది.

ఆ సలహా ప్రకారమే ఊరంతా బియాంకాను నిజమైన మనిషిలా చూస్తుంది. ఇంత మంచి ఊరు ఎక్కడైనా ఉంటుందా అన్న ఆక్షేపణ సహజమే. కానీ నాన్సీ ఆలివర్ స్క్రీన్‌ప్లే ఆ మంచితనాన్ని ఊరికే ఇచ్చేయలేదు. అన్న గస్ ఊరంతా నవ్వుతుందని కుమిలిపోతాడు. బియాంకాను ఒప్పుకోవడానికి చర్చి పెద్దలు తటపటాయిస్తారు. అప్పుడు వాళ్లలో ఒకరైన మిసెస్ గ్రూనర్ అక్కడున్నవాళ్ల ఇళ్ల సంగతులే తీస్తుంది: ఒకరి బంధువు పిల్లులకు గౌన్లు తొడుగుతాడు, ఇంకొకరి మేనల్లుడు ఎగిరే పళ్లాల సంఘానికి డబ్బంతా ధారపోశాడు. వింతతనం అందరి ఇళ్లలోనూ ఉందని ఒప్పుకున్నాకే ఊరు ముందుకు కదులుతుంది.

చివరికి లార్స్ మారాడు కదా, ఇదీ దిద్దుబాటే కదా అనేది ఇంకా బలమైన ప్రశ్న. మార్పు నిజమే, దానికి దారి వేరు. ఊళ్లో ఆడవాళ్లు బియాంకాను తమ పనుల్లోకి తీసుకుపోతుంటే లార్స్‌కు కోపమొస్తుంది. అప్పుడు కారిన్ బతిమాలదు, నిలదీస్తుంది: ఊరంతా ఆ బొమ్మను మోసేది, స్నానం చేయించేది అతని మీద ప్రేమతోనే కదా అని. తమతో సమానుడనుకున్న మనిషినే అలా నిలదీస్తాం. ఎగతాళి ఆ పని చేయలేదు. నోరులేని బొమ్మ ఆదర్శ స్త్రీగా మిగిలిపోతుందన్న స్త్రీవాద విమర్శకూ కొంత జవాబు ఇక్కడే దొరుకుతుంది. బియాంకాకు మాట రాకపోయినా, లార్స్ చేతిలో లేని దినచర్యను ఆమెకు ఏర్పరచింది ఆ ఆడవాళ్లే.