విమానం రాత్రి ఎక్కడ నిద్రపోతుంది? – బెంగళూరు చౌక విమానాల చరిత్ర



ఆర్టీసీ బస్సు సంగతి మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. పొద్దున డిపో నుంచి బయలుదేరి, నాలుగు ఊళ్లు తిరిగి, రాత్రికి డిపో చేరుకుంటుంది. కొన్ని పల్లెలకు మాత్రం నైట్ హాల్ట్ బస్సు ఉంటుంది. రాత్రి అక్కడే ఆగి, కోడి కూసే వేళకు అక్కడి నుంచే బయలుదేరుతుంది. ఆ పల్లెవాళ్లకు పట్నంలో ఉదయం పది గంటలకు ఉన్న పని అందుతుంది. పక్క పల్లెవాళ్లకు అందదు.

విమానాలకూ ఇలాగే ఒక డిపో ఉంటుంది. దాన్ని బేస్ అంటారు. విమానం రాత్రి నిలిచేది అక్కడే. పైలట్ల ఇళ్లూ, మరమ్మతు చేసే ఇంజనీర్లూ, విడిభాగాలూ ఉండేది అక్కడే. తక్కువ చార్జీతో నడిచే విమాన కంపెనీలు ఈ బేస్‌ను ఎలా ఎంచుకుంటాయి? అక్కడి నుంచి ఏ ఊరికి వెళతాయి, ఏ ఊరిని వదిలేస్తాయి? బెంగళూరు చరిత్ర ఆధారంగా ఈ విషయం ఈ రోజు మాట్లాడుకుందాం. హిందూపురం, మదనపల్లె, కుప్పం, కోలారు, బళ్లారి, హోసూరు ప్రాంతాల వారికి ఇది దూరపు ముచ్చట కాదు. మనకూ ఎయిర్‌పోర్టు కావాలన్న కోరిక ఒక పక్క, దానికోసం పొలాలు పోతాయన్న దిగులు ఇంకో పక్క ఉన్న ప్రాంతాలు మనవి.

మొదట కాస్త బయటి ప్రపంచాన్ని చూద్దాం. చౌక విమానాల పద్ధతికి పునాది అమెరికాలో పడింది. 1971లో సౌత్‌వెస్ట్ అనే కంపెనీ టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో నగరాల మధ్య విమానాలు మొదలుపెట్టింది. ఈ పద్ధతిలో కిటుకు పెద్దదేమీ కాదు. విమానం నేలమీద ఉన్నంతసేపూ ఖర్చే, గాలిలో ఉంటేనే సంపాదన. కాబట్టి దిగిన విమానం అరగంట లోపల మళ్లీ ఎగరాలి. అన్నీ ఒకే రకం విమానాలైతే పైలట్ల శిక్షణకూ, విడిభాగాలకూ ఖర్చు తగ్గుతుంది. రాత్రికి విమానం బేస్ చేరుకుంటే సిబ్బందికి హోటలు గదుల ఖర్చు తప్పుతుంది.

ఐరోపాలో ఈ పద్ధతి విస్తరించడానికి చట్టాల మార్పు తోడ్పడింది. 1993 నుంచి అక్కడి ఉమ్మడి దేశాల మధ్య విమానయానాన్ని స్వేచ్ఛగా వదిలారు. 1997 నుంచి ఒక దేశపు కంపెనీ మరో దేశం లోపల కూడా విమానాలు నడపవచ్చు అన్నారు. 1985లో ఐర్లండులో విమానాలు మొదలుపెట్టిన రయనైర్, 1995లో లండన్ దగ్గరి లూటన్ నుంచి మొదలైన ఈజీజెట్ ఆ అవకాశాన్ని అందిపుచ్చుకున్నాయి. రయనైర్ పెద్ద నగరాల రద్దీ విమానాశ్రయాలను చాలా చోట్ల వదిలేసి, వాటికి దూరంగా ఖాళీగా పడివున్న రన్‌వేలను వెతుక్కుంది. జర్మనీలో హాన్ అనే చోట అమెరికా సైన్యం విడిచిపోయిన విమాన స్థావరం ఉంది. 1999లో అక్కడికి విమానాలు తెచ్చి దానికి ఫ్రాంక్‌ఫర్ట్ పేరు తగిలించారు. అసలు ఫ్రాంక్‌ఫర్ట్ నగరం అక్కడికి దాదాపు 120 కిలోమీటర్లు! హిందూపురంలో దింపి టికెట్టు మీద బెంగళూరు అని రాసినట్టన్నమాట.

బెల్జియంలో షార్లెరోయ్ అనే పారిశ్రామిక పట్టణం ఉంది. బొగ్గు గనులు మూతబడి పనులు పోయిన ప్రాంతం. 2001లో రయనైర్ అక్కడ బేస్ పెట్టింది. అందుకు ప్రతిగా అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం చార్జీలు తగ్గించింది, ప్రచారానికి సాయం చేసింది. ప్రజల డబ్బు ఒక కంపెనీకి ఇలా ఇవ్వవచ్చునా అని 2004లో ఐరోపా కమిషన్ కొంత భాగాన్ని తప్పుపట్టింది. 2008లో న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. తర్వాత షార్లెరోయ్ బాగా నిలదొక్కుకుంది. హాన్ విమానాశ్రయాన్ని నడిపే సంస్థ మాత్రం 2021లో దివాలా దరఖాస్తు పెట్టుకుంది. ఇద్దరూ పిలిచింది ఒకే కంపెనీని. ఫలితం ఇద్దరికీ ఒకేలా రాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మన కథలో మళ్లీ పనికివస్తుంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేశారు. 1981లో చిన్న ఊళ్ల కోసం వాయుదూత్ అనే ప్రభుత్వ సంస్థ మొదలైంది. నష్టాలతో 1993లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1994లో పాత చట్టాన్ని రద్దుచేయడంతో ప్రైవేటు కంపెనీలకు దారి పూర్తిగా తెరుచుకుంది. అయితే వచ్చిన కంపెనీలు ఎక్కువగా ఢిల్లీ, ముంబై లాంటి మహానగరాల మధ్యనే పోటీపడ్డాయి. టికెట్టు ధర మామూలు ఉద్యోగికి అందేది కాదు.

అలాంటి రోజుల్లో హాసన్ జిల్లా గొరూరుకు చెందిన కెప్టెన్ గోపీనాథ్ రంగంలోకి వచ్చారు. సైన్యంలో పనిచేసి, తిరిగివచ్చి వ్యవసాయం చేసినవారు. 1990లలో బెంగళూరులో డెక్కన్ ఏవియేషన్ పేరుతో హెలికాప్టర్లు నడిపారు. 2003లో ఎయిర్ డెక్కన్ ప్రారంభించారు. మన దేశంలో మొట్టమొదటి చౌక విమాన కంపెనీ అదే. 2020లో వచ్చిన ‘ఆకాశం నీ హద్దురా’ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. దానికి ప్రేరణ ఆయన జీవితమే. సినిమాలో కథ తమిళనాడు చుట్టూ తిరుగుతుంది, అసలు కథ జరిగింది బెంగళూరులో.

బెంగళూరే బేస్ ఎందుకయ్యింది? కారణాలు విడివిడిగా చూడండి. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం అండతో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం స్థాపించిన నాటి నుంచి ఈ నగరంలో విమానం పని తెలిసిన చేతులున్నాయి. హెలికాప్టర్ల వ్యాపారంతో కంపెనీకి ఇంజనీర్లూ, పైలట్లూ అప్పటికే ఇక్కడ ఉన్నారు. మూడవది, మ్యాపు. బెంగళూరు నుంచి గంట, గంటన్నర ఎగిరితే కన్నడ, తెలుగు, తమిళ, మలయాళ ప్రాంతాల పట్టణాలు ఎన్నో అందుతాయి. పెద్ద కంపెనీలు వాటిలో చాలావాటి వంక కన్నెత్తి చూడటం లేదు.

2003 ఆగస్టులో బెంగళూరు నుంచి మొదటి సర్వీసు హుబ్బళ్లికి నడిచింది. 48 సీట్ల ఏటీఆర్ విమానం. రెక్కల దగ్గర పంకాలు తిరిగే ఈ చిన్న విమానానికి పొడవాటి రన్‌వే అక్కరలేదు, తక్కువ దూరాలకు ఇంధనం తక్కువ పడుతుంది. 80 సీట్లలోపు విమానాలకు ప్రభుత్వం ల్యాండింగ్ చార్జీ మినహాయించింది. పెద్ద విమానాల ఇంధనం మీద 20 శాతానికి పైగా అమ్మకం పన్ను వేసే రాష్ట్రాలుండగా, ఇలాంటి చిన్న విమానాలకు అప్పట్లో అది 4 శాతమే ఉండేది. మరి హుబ్బళ్లే ఎందుకు? వర్తకుల ఊరు, రైలులో ఒక రాత్రి ప్రయాణం. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావాలనుకునేవారు రెండు వైపులా ఉన్నారు.

తెలుగువారికి ఎయిర్ డెక్కన్ పరిచయమైంది మాత్రం ఒక గండంతో. 2003 సెప్టెంబరులో హైదరాబాదు నుంచి విజయవాడకు ప్రారంభ సర్వీసు. అప్పటి బి.జె.పి. అధ్యక్షులు వెంకయ్యనాయుడు, పౌర విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ అందులో ఉన్నారు. విమానం పైకి లేవకముందే ఇంజనులో మంటలు లేచాయి. అదృష్టవశాత్తూ అందరూ క్షేమంగా దిగారు. కంపెనీ అక్కడితో ఆగిపోలేదు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడి బొమ్మను గుర్తుగా పెట్టుకుని, ఇంటర్‌నెట్‌లో టికెట్లమ్మి, కొన్ని సీట్లు రూపాయికే ఇచ్చి, నాలుగేళ్లు తిరక్కుండానే 60కి పైగా ఊళ్లకు విస్తరించింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఐరోపాలో లాగా మహానగరానికి దూరంగా ఒక చిన్న రన్‌వే వెతుక్కుని, అక్కడ చౌకగా దిగే పద్ధతి బెంగళూరు చుట్టుపక్కల ఎందుకు రాలేదు? సమాధానం ఒక ఒప్పందంలో ఉంది. 2004లో దేవనహళ్లి విమానాశ్రయం కట్టే సంస్థకూ కేంద్ర ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి 25 ఏళ్లపాటు, చుట్టూ 150 కిలోమీటర్ల గగన దూరంలో మరో అంతర్జాతీయ విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయనివ్వరాదని అందులో ఒక షరతు. మైసూరు, హాసన్‌లకు మినహాయింపు ఇచ్చారు. 2008 మే 24న దేవనహళ్లి తెరుచుకుంది. నగరంలోని హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయానికి ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. అంతకు రెండు నెలల ముందు హైదరాబాదులో శంషాబాదు కోసం బేగంపేటను ఇలాగే ఆపారు. ఆ విధంగా చౌక కంపెనీ అయినా, ఖరీదైన కంపెనీ అయినా దిగవలసింది ఒకే చోట అయింది. కొత్త విమానాశ్రయానికి పెట్టిన పెట్టుబడి వెనక్కి రావాలంటే ప్రయాణికులు చీలిపోకూడదన్నది దాని వెనక ఆలోచన.

నేను బడిలో పిల్లల చేత మ్యాపు మీద వృత్తలేఖినితో ఈ వృత్తం గీయిస్తుంటాను. దేవనహళ్లి కేంద్రంగా 150 కిలోమీటర్లు. కోలారు, హోసూరు, కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం, పుట్టపర్తి అన్నీ లోపలే పడతాయి. అనంతపురం కొద్దిలో బయట పడుతుంది. మీరు కూడా ఇంట్లో ఉన్న మ్యాపు మీద గీసి చూడండి. హోసూరులో పెద్ద విమానాశ్రయం కడతామని తమిళనాడు ప్రభుత్వం 2024లో ప్రకటించినప్పుడు ఎదురైన చిక్కు కూడా ఈ షరతే. ఇది 2033 దాకా ఉంటుంది.

అయితే దేవనహళ్లి వల్ల అందరూ నష్టపోలేదు. అది నగరానికి ఉత్తరాన, హైదరాబాదు వైపు పోయే జాతీయ రహదారి పక్కన ఉంది. హిందూపురం, పెనుకొండ, బాగేపల్లి వాళ్లు నగరంలోకి వెళ్లే పనిలేకుండా నేరుగా చేరుకుంటారు. ఎటొచ్చీ హోసూరు వాళ్లే నగరమంతా దాటి రావాలి. 2024-25లో ఈ విమానాశ్రయం నుంచి రాకపోకలు సాగించినవారు 4 కోట్లకు పైమాటే. ఆ లెక్కలో మన జిల్లాల వారూ ఉన్నారు.

మళ్లీ ఎయిర్ డెక్కన్ దగ్గరికి వద్దాం. చార్జీలు తక్కువ, విస్తరణ వేగం ఎక్కువ, పోటీకి 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చాయి. నష్టాలు పెరిగి, 2007లో విజయ్ మాల్యాకు చెందిన సంస్థ 26 శాతం వాటా కొనుక్కుంది. మరుసటి ఏడాది పేరు కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. 2012లో కింగ్‌ఫిషర్ మొత్తం నిలిచిపోయింది. చిన్న ఊళ్ల రన్‌వేలు కొన్ని మళ్లీ బోసిపోయాయి.

తర్వాత బెంగళూరు బేస్‌గా మరో రెండు చిన్న కంపెనీలు వచ్చాయి. 2015 ఏప్రిల్‌లో ఎయిర్ పెగాసస్, 2019 జనవరిలో స్టార్ ఎయిర్. చిత్రం ఏమిటంటే రెండింటి మొదటి సర్వీసూ హుబ్బళ్లికే. పదహారేళ్లలో మూడు కంపెనీలు అదే ఊరితో మొదలుపెట్టాయంటే, కంపెనీ పోయినా ఆ ఊరి ప్రయాణికులు పోలేదని అర్థం.

మన ప్రాంతం సంగతి చూడండి. పుట్టపర్తి విమానాశ్రయం 1990లో తెరిచారు. మంచి రన్‌వే ఉంది, ఉత్సవాలకు ప్రత్యేక విమానాలు వస్తాయి. కానీ నిత్యం నడిచే సర్వీసు అక్కడ స్థిరపడలేదు. కడప 2015 జూన్‌లో తెరుచుకున్నప్పుడు బెంగళూరు నుంచి వచ్చింది ఎయిర్ పెగాసస్. 2016 జులైలో ఆ కంపెనీ మూతబడింది. 2017లో కేంద్రం ఉడాన్ పథకం కింద విమానాలు మొదలయ్యాయి. సగం సీట్లు గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలకు అమ్మాలన్నది అప్పటి షరతు, వచ్చే లోటును ప్రభుత్వం మూడేళ్లు భరించేది. ఆ పథకం కింద ట్రూజెట్ కడపకూ, బళ్లారి దగ్గరి విద్యానగర్‌కూ నడిచింది. 2022లో అదీ ఆగింది. 2021 మార్చిలో కర్నూలు దగ్గర ఓర్వకల్లు తెరిచినప్పుడు ఇండిగో బెంగళూరు, చెన్నై, విశాఖలకు విమానాలు మొదలుపెట్టింది.

వీటన్నిటిలో తేలేది ఒక్కటే. రన్‌వే వేసినంత మాత్రాన విమానం రాదు, సాయం ఇచ్చినంత మాత్రాన నిలవదు. పొద్దున అటూ, సాయంత్రం ఇటూ సీట్లు నిండే ఊరికి ఒక కంపెనీ పోతే ఇంకొకటి వస్తుంది. అలా నిండని ఊరికి సాయం ఆగిన రోజున విమానమూ ఆగుతుంది. షార్లెరోయ్‌కూ హాన్‌కూ, హుబ్బళ్లికీ పుట్టపర్తికీ తేడా ఇక్కడే ఉంది.

కాబట్టి మీ తాలూకాలో విమానాశ్రయం గురించి సభ పెడితే వెళ్లండి, కొన్ని ప్రశ్నలు అడగండి. వారంలో ఎన్ని రోజులు విమానం నడుస్తుంది? ఇక్కడ దిగేవాళ్లెవరు, ఇక్కడ ఎక్కేవాళ్లెవరు? సాయం గడువు ముగిశాక ఆ ఖర్చు ఎవరిది? భూమి ఇచ్చిన రైతు బిడ్డకు అక్కడ దొరికే పని ఏమిటి? ఇదే డబ్బుతో దేవనహళ్లికి తెల్లవారుజామున చేరే రైలో బస్సో వేస్తే ఎక్కువమందికి మేలు జరగదా? వీటికి సరైన జవాబులు వస్తే విమానాశ్రయం అడగడంలో తప్పులేదు. హుబ్బళ్లి వాళ్లకు దక్కినది మనకూ దక్కవచ్చు. జవాబులు రాకపోతే మాత్రం, పొలం పోయిన తర్వాత రన్‌వే మీద పశువులు మేపుకోవడానికి కూడా వీలుండదు, చుట్టూ కంచె ఉంటుంది.