నెల్లూరు తీరము: శీతోష్ణస్థితి, ఋతువుల చరిత్ర

ఉత్తరమున కందుకూరు ప్రాంతము మొదలుకొని దక్షిణమున తడ, పులికాటు సరస్సుల వరకును, తూర్పున బంగాళాఖాతమునకును పడమట వెలికొండలకును నడుమ సాగిన పల్లపు నేలకు నెల్లూరు తీరమని వ్యవహారము. పాలనాపరమైన హద్దులు ఇచ్చట పలుమారులు మారినవి. 1970లో ఒంగోలు ప్రాంతము వేరుపడి కొత్త జిల్లాలో చేరినది. 2022లో సూళ్లూరుపేట, పులికాటు పరిసరములు తిరుపతి జిల్లాకు చెందినవి. వానకు ఈ హద్దులతో నిమిత్తము లేదు గనుక తీరమంతయు ఇచ్చట ఒక్కటిగానే గ్రహింపబడినది.

తెలుగునాట తక్కిన భాగములకు వర్షకాలమనగా జూన్ మొదలు సెప్టెంబరు వరకు వీచు నైరుతి ఋతుపవనముల కాలము. నెల్లూరు తీరమున ఈ క్రమము తలక్రిందులైనది. ఏటి సగటు వర్షపాతము సుమారు 1,080 మిల్లీమీటర్లు కాగా, నైరుతి కాలమున కురియునది అందు 330 మిల్లీమీటర్లకు మించదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల మూడు మాసములలో దానికి ఇబ్బడిగా, ఇంచుమించు 660 మిల్లీమీటర్లు కురియును. అరేబియా సముద్రము నుండి వచ్చు మేఘములు పడమటి కనుమల మీదనే తమ నీటిలో అధికభాగమును విడిచి, పీఠభూమిని దాటి, వెలికొండల ఈవలి వైపునకు దిగునప్పటికి పొడిగాలులై మిగులుటయు, శరత్తులో గాలి దిక్కు మారి ఈశాన్యము నుండి బంగాళాఖాతము మీదుగా తేమను మోసికొని నేరుగా ఈ తీరమును తాకుటయు దీనికి ప్రధాన కారణములు. దక్షిణమునకు పోయిన కొలదియు ఈ ఈశాన్య వర్షము హెచ్చును. సూళ్లూరుపేట, తడ ప్రాంతములలో కురిసినంత వాన కావలి దిక్కున గాని, మెట్టయైన ఉదయగిరి దిక్కున గాని కురియదు.

ఈ భేదము సేద్యమునందు స్పష్టముగా గోచరించును. పంచాంగము తెలుగువారందరికిని ఒక్కటే అయినను, జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగించి మృగశిర వానలకు విత్తు ఆచారము ఇచ్చటి మాగాణులకు చక్కగా పొసగదు. ఆ దినములలో పెన్న క్రింది పొలములయందు చెరువు నీటితోను కాలువ నీటితోను పెరిగిన ఎడగారు పైరు నిలిచియుండును. ప్రధానమైన పంటకు రైతు ఎదురుచూచునది స్వాతి, విశాఖ కార్తెల వానలకే. పూర్వము ఈ సీమకు కీర్తి తెచ్చిన మొలగొలుకులు అను దీర్ఘకాలపు వరి రకము, వర్షారంభమునకు ముందే నారు పోయబడి, ముసురు దినములన్నియు నీటిలో నిలిచి, సంక్రాంతి వెనుక చలిపొద్దులలో పండునట్టిది. ఈ ఆలస్యపు ఋతువునకు దానికంటె తగిన వరి లేదనుట అతిశయోక్తి కాదు. 1937లో నెల్లూరున నెలకొల్పబడిన వరి పరిశోధనా స్థానము ఈ కాలక్రమమునకు ఒదుగు రకములనే ముఖ్యముగా రూపొందించినది.

ఎండకాలము గూర్చి విశేషించి చెప్పవలసినది కొంచెమే. మే నెలలో పగటి ఉష్ణోగ్రత సగటున 40 డిగ్రీల చెంత నుండును. జనవరి రాత్రులలో 20 డిగ్రీల వరకు దిగును. మధ్యాహ్నము సముద్రపు గాలి త్వరగా తిరిగిన దినములలో మైపాడు, కృష్ణపట్నము వంటి తీరగ్రామములకు కొంత ఉపశమనము కలుగును. పడమటి గాలి బలించి దానిని అడ్డగించినచో, సముద్రమునకు ఎంతో దూరము లేని నెల్లూరు పట్టణము సైతము వడగాడ్పులకు గురియగును. రోహిణి కార్తె దాటినను, అనగా నైరుతి మేఘములు ఇతర జిల్లాలను చల్లబరచిన పిమ్మటను, ఇచ్చటి ఎండ తగ్గకపోవుట పొరుగువారికి వింతగా తోచును.

ఈ సీమ 1801లో ఆర్కాటు నవాబు చేతినుండి ఈస్టిండియా కంపెనీ పాలనలోనికి వచ్చినది. 1873లో బాస్వెల్ అను అధికారి ప్రచురించిన నెల్లూరు జిల్లా మాన్యువల్ ఈ దేశభాగమును సమగ్రముగా వర్ణించిన తొలి గ్రంథములలో నొకటి. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. ఆ మరుసటి సంవత్సరమే వానలు ముఖము చాటుచేసి, 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును పీడించిన ధాత కరువు నెల్లూరు సీమను గూడ తాకినది. కరువు పని క్రింద సాగిన కాలువ త్రవ్వకములకు పిమ్మట, మద్రాసు తీరము వెంట సాగు ఉప్పునీటి కాలువకు నాటి గవర్నరు పేర బకింగ్‌హాం కాలువ యని నామకరణమైనది. పడవల రవాణాకు పుట్టిన ఆ కాలువ 1965, 1966 సంవత్సరముల తుపానుల వలన మిక్కిలి దెబ్బతిని, తిరిగి కోలుకొనలేదు.

వాన మూడు నెలలలోనే కురిసిపోవు నేలకు నీటిని నిలుపు ఏర్పాటు లేనిదే బ్రతుకు లేదు. చెరువులు ప్రాచీనములు, వానికి నీరందించుటకై 1855లో నెల్లూరు వద్దను, 1886 నాటికి సంగము వద్దను పెన్నపై ఆనకట్టలు నిర్మితములైనవి. నెల్లూరు ఆనకట్టను కట్టిన కొలది ఏండ్లకే వరద కోసివేయగా మరల పొడిగించి కట్టవలసి వచ్చినది. పెన్న స్వభావము అట్టిది: కర్ణాటకమున నందిదుర్గమున పుట్టి వానలెరుగని సీమలగుండ ప్రవహించు ఈ నది ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకపఱ్ఱయై యుండి, కార్తిక మాసమున వాయుగుండము రాయలసీమ మీదికి పోయినపుడు, చెయ్యేరు మొదలగు ఉపనదుల నీటితో ఒక్క రాత్రిలో ఉగ్రరూపము దాల్చును. సోమశిల జలాశయము, 78 టీఎంసీల సామర్థ్యముతో, ఈ వేగమును కొంత తగ్గించినదే గాని తొలగింపలేదు. 2021 నవంబరులో చెయ్యేటిపైని అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన దినములలోనే పెన్న వరద నెల్లూరు పరిసరముల ముంచెత్తి, పడుగుపాడు వద్ద రైలుకట్టను కోసివేయగా చెన్నై, విజయవాడల నడుమ రాకపోకలు స్తంభించినవి. పాత ఆనకట్టల స్థానమున సంగము, నెల్లూరు బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమైనవి.

వాన తెచ్చు వాయుగుండములే ముదిరి తుపానులగును గనుక, ఈ తీరవాసులు కోరునదియు భయపడునదియు ఒక్క మేఘమునే. 1927 నవంబరు నాటి తుపాను నెల్లూరు పేరిటనే ప్రసిద్ధము. 1979 మే నెలలో వచ్చినది ఒంగోలు దిక్కున తీరము దాటి, ఎండకాలము సైతము నిరపాయము కాదని చాటినది; 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతము దెబ్బతినినది. అన్నిటిలో విలక్షణమైనది 1989 నవంబరు నాటి కావలి తుపాను. థాయిలాండు సింధుశాఖలో పుట్టి, మలయా ద్వీపకల్పపు సన్నని భూభాగమును దాటి, బంగాళాఖాతములో మరల బలము పుంజుకొని, ఆ సముద్రమునంతను అడ్డముగా గడచి కావలి చెంత నేలకెక్కిన ఈ గాలివాన, వేగమున 1977 నాటి దివిసీమ ఉప్పెనకు తీసిపోనిదైనను, ఇచ్చటి మరణములు ఆనాటి వేల సంఖ్యకు చేరక నూరు లోపుననే నిలిచినవి. ప్రస్తుతము శ్రీహరికోటలోని డాప్లర్ రాడారు, రాకెట్ ప్రయోగములతో పాటు తీరమునకు వచ్చు మేఘములను గూడ కనిపెట్టుచున్నది.

పులికాటు సరస్సు ఈ ఋతుక్రమమును అనుసరించియే పెరిగి తరుగును. ఎండకాలమున అంచులు ఎండి ఉప్పు తేలును. కాళంగి, ఆరణి నదుల కొత్తనీరు చేరిన పిదప లవణత తగ్గి, రాజహంసలు మేతకు దిగును. నేలపట్టు చెరువు నిండినపుడే గూడబాతులు గూళ్లు కట్టును.

పసిఫిక్ మహాసముద్రము వేడెక్కు ఎల్‌నినో సంవత్సరములలో దేశమున నైరుతి వానలు క్షీణించుట సామాన్యము. ఈశాన్య వానలు మాత్రము అట్టి ఏడులలో తరచుగా హెచ్చును. 2015లో అటులే జరిగి, దేశమున పెక్కు ప్రాంతములు అనావృష్టితో అలమటింపగా, నవంబరులో నెల్లూరు మండలము జలమయమై, జాతీయ రహదారి సైతము తెగినది. కావున జూన్ నెలలో దేశమంతటికి వెలువడు వర్షసూచన ఇచ్చటి రైతునకు ఉపకరించునది స్వల్పము. అతనికి కావలసిన జోస్యము అక్టోబరునాటిది.