దోర్నాలలో బిల్లు, కర్నూలులో లెక్క: మన యూనిట్ రేటు ఎవరు రాస్తారు?

ఈ ఎపిసోడ్ మా అవ్వ అడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది. 2025 సంక్రాంతికి నేను పెద్దదోర్నాల వెళ్ళినప్పుడు అవ్వ కొంగుముడి విప్పి కరెంటు బిల్లు నా చేతిలో పెట్టింది. బస్సు టికెట్టు లాంటి కాగితం, మీకు తెలుసు కదా, నాలుగు రోజులు ఎండలో పెడితే అక్షరాలు ఎగిరిపోతాయి. అందులో ఒక లైను చూపించి అడిగింది: "అబ్బయ్యా, ఎప్పుడో రెండేళ్ళ కింద కాల్చిన కరెంటుకి ఇప్పుడు డబ్బులేంది? అప్పుడే కట్టేస్తిమి గదా?"

నా దగ్గర జవాబు లేదు. ఫోన్‌లో వెతికితే ఒక్క మాటలో దొరికే జవాబూ కాదు అది. వెతుక్కుంటూ పోతే 1998 దాకా, అక్కడి నుంచి 1910 దాకా, చివరికి అమెరికా దాకా పోయాను. ఆ ప్రయాణమే ఈ రోజు మీకు చెప్తాను.

ముందు దోర్నాల సెంటర్‌లో నిలబడండి. శ్రీశైలం పోయే బస్సులు చాలా ఇక్కడ ఆగుతాయి. రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూసేస్తారు, తెల్లవారి ఆరుకి తీస్తారు. అందుకే రాత్రిపూట కూడా ఇక్కడ టీ దొరుకుతుంది. ఒక కొట్లో టీ బాగాలేకపోతే పక్క కొట్టుకి పోతారు. వాడు రేటు పెంచితే మీరు కాలు కదిపితే చాలు. కరెంటుకి అది కుదరదు. ఒక వీధిలో ఒకటే వరస స్తంభాలుంటాయి. రెండో కంపెనీ వచ్చి ఇంకో వరస పాతి ఇంకో తీగ లాగితే, ఆ ఖర్చంతా మళ్ళీ మన నెత్తినే పడుతుంది. కాబట్టి అమ్మేవాడు ఒక్కడే ఉంటాడు. అమ్మేవాడు ఒక్కడే అయినప్పుడు రేటు వాడి ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ చిక్కు మనకంటే ముందు అమెరికాకి వచ్చింది. షికాగోలో శామ్యూల్ ఇన్సల్ అనే కరెంటు వ్యాపారి ఉండేవాడు. 1898లో ఆయనే లేచి "మమ్మల్ని ప్రభుత్వమే నియంత్రించాలి" అన్నాడు. వ్యాపారి తనకి తానే కళ్ళెం అడగడం ఏంటి అని నాకూ అనిపించింది. ఆయన లెక్క ఆయనకుంది: నియంత్రణ ఉంటే పోటీ ఉండదు, ఊరంతా తనదే, లాభం కొంచెం తగ్గినా గ్యారంటీగా వస్తుంది. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు ఇలాంటి కమిషన్లు పెట్టాయి. ఈ ఒప్పందాన్ని గుర్తుపెట్టుకోండి: ఊరంతా నీదే, కానీ రేటు మేం చెప్తాం, లెక్కలు అందరి ముందూ పెట్టాలి. తర్వాత వచ్చే కథంతా చివరి ముక్క చుట్టూనే తిరుగుతుంది, అదే లెక్కలు అందరి ముందూ పెట్టడం.

మన దేశంలో 1910లో బ్రిటిష్ వాళ్ళు ఒక విద్యుత్ చట్టం తెచ్చారు. అప్పట్లో కరెంటు పట్నాల్లో, లైసెన్సు ఉన్న కంపెనీల చేతుల్లో ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టంతో రాష్ట్రాల్లో విద్యుత్ బోర్డులు పుట్టాయి. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న పుట్టింది. అప్పటికి దోర్నాల ప్రకాశం జిల్లాలో లేదు, అసలు ప్రకాశం జిల్లానే లేదు. మార్కాపురం తాలూకా, గిద్దలూరు వైపంతా కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మనల్ని అటు కలిపారు. ఈ కర్నూలు సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

బోర్డు ఊళ్ళకి స్తంభాలు వేసింది, డ్యాముల దగ్గర పవర్‌హౌస్‌లు కట్టింది. మన నెత్తిమీదున్న శ్రీశైలం డ్యాముకి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1982లో మొదటి యూనిట్ తిరిగింది. ఇప్పుడు కుడి గట్టున 770 మెగావాట్లు, ఎడమ గట్టున 900. కరెంటు తయారుచేసేదీ బోర్డే, మోసుకొచ్చేదీ బోర్డే, అమ్మేదీ బోర్డే, రేటు రాసేదీ బోర్డే. కాగితం మీద అలా ఉంది గానీ, నిజానికి రేటు ముఖ్యమంత్రి మేజా మీద తేలేది.

దీనికి మంచి ఉదాహరణ బోరు మోటర్లు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం మీటరుతో పని లేకుండా హార్స్ పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు అంది. ఐదు హెచ్‌పీ మోటరుకి ఏడాదంతా 250. మా వైపు కాలవ నీళ్ళు లేవు. వెలిగొండ సొరంగాలు మా పక్కనే కొల్లంవాగు దగ్గర మొదలవుతాయి, నీళ్ళ కోసం జనం దశాబ్దాలుగా చూస్తున్నారు. మిరప వేసినా పత్తి వేసినా బోరే దిక్కు. కాబట్టి ఆ 50 రూపాయల మాట ఇక్కడి రైతుకి ఎంత పెద్దదో నేను తక్కువ చేసి చెప్పను. కానీ మీటరు తీసేసిన రోజు నుంచి ఎవరు ఎంత వాడుతున్నారో బోర్డుకే తెలియకుండా పోయింది. లెక్క లేని చోట నష్టం ఎంత, దొంగతనం ఎంత, రైతు వాడింది ఎంత అన్నీ కలిసిపోయాయి. 1990ల నాటికి బోర్డు అప్పుల్లో మునిగింది.

అప్పుడొచ్చింది సంస్కరణ. ఒడిశా 1996లో దేశంలోనే మొదటి విద్యుత్ కమిషన్ పెట్టింది. మన దగ్గర చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండు ముక్కలైంది: తయారీకి జెన్‌కో, పెద్ద లైన్లకి ట్రాన్స్‌కో. ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 2000 ఏప్రిల్‌లో నాలుగు పంపిణీ కంపెనీలు వచ్చాయి. మనం తిరుపతి కేంద్రంగా ఉన్న సదరన్ కంపెనీ కిందకి వెళ్ళాం. వీటన్నిటి మీద 1999 ఏప్రిల్‌లో కూర్చున్నదే ఏపీఈఆర్‌సీ, తెలుగులో విద్యుత్ నియంత్రణ మండలి. మండలం ఆఫీసుకీ దీనికీ సంబంధం లేదు, కామెంట్లలో కొందరు అదే అడిగారు.

ఈ మండలి మొదటి రేట్ల ఉత్తర్వు 2000 మే 27న ఇచ్చింది. రేట్లు పెరిగాయి. అది ఏ నాయకుడి సంతకంతోనూ కాక, కమిషన్ ఉత్తర్వుతో పెరగడం అదే మొదటిసారి. జనానికి ఆ తేడా కనిపించలేదు, కనిపించాల్సిన పనీ లేదు, బిల్లు బిల్లే కదా. వామపక్షాలు, కాంగ్రెస్ రోడ్డెక్కాయి. ఆగస్టు 28న చలో అసెంబ్లీ. హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. కరెంటు రేటు కోసం మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న రాష్ట్రం మనది. నాకైతే ఇది స్కూల్ పుస్తకంలో ఎక్కడా చదివిన గుర్తు లేదు.

నాలుగేళ్ళ తర్వాత, 2004 మే 14న, ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వెంటనే వైఎస్ రాజశేఖర రెడ్డి పెట్టిన మొదటి సంతకం రైతులకి ఉచిత కరెంటు మీద. మరి ఉచితమైతే కమిషన్ ఏం చేయాలి? ఇక్కడే 2003లో వచ్చిన కేంద్ర విద్యుత్ చట్టం పనికొచ్చింది. దాని 65వ సెక్షన్ ఒక మాట చెప్తుంది: ప్రభుత్వం ఎవరికైనా ఉచితంగానో తక్కువకో ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు, కానీ ఆ డబ్బు ముందే కంపెనీకి కట్టాలి. అంటే మండలి ముందు పూర్తి ఖర్చు తేలుస్తుంది, ప్రభుత్వం తన వాటా చెప్తుంది, మిగిలింది మన బిల్లు. 2025-26కి మండలి మూడు కంపెనీలకి తేల్చిన ఖర్చు సుమారు 57,544 కోట్లు. అందులో సుమారు 12,632 కోట్ల లోటు ప్రభుత్వం భరిస్తానంది. అందుకే ఆ ఏడాది రేట్లు పెరగలేదని వార్తల్లో విన్నారు. నా ఉద్దేశంలో ఉచిత కరెంటు మంచిదా చెడ్డదా అన్న గొడవ కంటే, అది ఎంతో ఒక కాగితం మీద అంకెగా కనపడటం పెద్ద మార్పు. 1983లో ఆ అంకె ఎవరికీ కనపడలేదు.

ఇప్పుడు అవ్వ ప్రశ్నకి వద్దాం.

ఏడాది మొదట్లో కంపెనీ ఒక అంచనా ఇస్తుంది: ఇంత కరెంటు ఇంతకి కొంటాం అని. ఖర్చులో సింహభాగం కొనుగోలుదే. ఆ ఏడాది నల్లమల మీద, పైన కర్ణాటక మీద వాన సరిగ్గా పడలేదనుకోండి. శ్రీశైలంలో చవకగా వచ్చే కరెంటు తగ్గుతుంది. ఎండలు మండితే ఫ్యాన్లు, ఏసీలు, మోటర్లు ఎక్కువ తిరుగుతాయి. అప్పుడు బయట మార్కెట్లో ఎక్కువ ధర పెట్టి కొనాలి. అంచనాకీ అసలుకీ తేడా వస్తుంది. ఆ తేడాని తర్వాత మన దగ్గర తీసుకోవడమే ట్రూ-అప్. ఇంధనం, కొనుగోలు ఖర్చుకి సంబంధించినదైతే బిల్లులో ఎఫ్‌పీపీసీఏ అని ఉంటుంది. తేడా లెక్కలు ఎంత ఆలస్యంగా తేలితే, అవ్వ లాంటి వాళ్ళకి అంత పాత బాకీగా వస్తుంది. ఆ రోజు తను చూపించింది 2022-23 నాటిది. మండలి ఆ ఏడాదికి 6,072 కోట్లకి పైగా అనుమతిచ్చింది, 2024 డిసెంబర్ నుంచి 15 నెలలు. తర్వాతి ఏడాదికి ఇంకో 9,412 కోట్లు.

వాడిన మనిషి ఒకరు, కట్టే మనిషి ఇంకొకరు కూడా అవ్వొచ్చు. అద్దె ఇల్లు మారిన వాళ్ళని అడగండి. పద్ధతిగా చూస్తే ఇది న్యాయమే అనుకుందాం, కానీ ఆలస్యం మాత్రం న్యాయం కాదు. కేంద్రం 2022లో మార్చిన నిబంధనల తర్వాత, 2023 ఏప్రిల్ నుంచి ఈ తేడాలో యూనిట్‌కి 40 పైసల దాకా నెలనెలా తీసుకుంటున్నారు. దానివల్ల పాత బాకీ తగ్గుతుంది. అయితే ఏడాది చివర మండలి లెక్క చూసేదాకా ఆ 40 పైసలు సరైనవో కాదో తెలియదు.

ఇందాక లెక్కలు అందరి ముందూ పెట్టాలి అన్నాను కదా. ఆ మాట ఎంత విలువైందో 2021లో తేలింది. ఆ ఆగస్టులో మండలి 2014 నుంచి 2019 దాకా ఐదేళ్ళ తేడా కింద 3,669 కోట్ల వసూలుకి అనుమతిచ్చింది. సదరన్ పాత పరిధిలో, అంటే మన ప్రకాశం కూడా కలిపి, యూనిట్‌కి 1 రూపాయి 23 పైసలు. విశాఖ వైపు 45 పైసలు. సెప్టెంబర్ బిల్లుల్లో పడింది కూడా. అప్పుడు ఒకటే ప్రశ్న లేచింది: దీనికి పేపర్లో ప్రకటన ఎక్కడిచ్చారు? జనం అభ్యంతరం చెప్పే అవకాశం ఎక్కడిచ్చారు? ప్రకటన రాలేదు. విషయం హైకోర్టుకి వెళ్ళింది. మండలి తన ఉత్తర్వు తానే వెనక్కి తీసుకుంది. అప్పటికే వసూలైన డబ్బు తర్వాతి బిల్లుల్లో సర్దారు. మళ్ళీ ప్రకటన ఇచ్చి, విచారణ పెట్టి, తర్వాత తక్కువ మొత్తానికి ఒప్పుకుని ఎక్కువ నెలలకి పంచారు.

పేపర్లో మూలన పడే ఆ చిన్న అక్షరాల ప్రకటన మనం ఎవ్వరం చదవం. 3,669 కోట్లు ఆగింది అది లేనందుకే.

ఇంకొకటి 2025లో జరిగింది. 2024-25కి కంపెనీలు నెలనెలా 40 పైసల లెక్కన వసూలు చేసింది ఎక్కువైందని మండలి తేల్చింది. 923 కోట్లు వెనక్కి ఇమ్మంది, 2025 నవంబర్ నుంచి యూనిట్‌కి 13 పైసల చొప్పున. ట్రూ-డౌన్ అన్న మాట చాలామంది అప్పుడే మొదటిసారి విన్నారు.

ఇప్పుడు కర్నూలు సంగతి. రాష్ట్రం విడిపోయాక కూడా మండలి చాన్నాళ్ళు హైదరాబాద్‌లోనే ఉండి, 2023లో కర్నూలుకి మారింది. మన పంపిణీ కంపెనీ 2020 ఏప్రిల్‌లో తిరుపతి నుంచి విడిపోయి విజయవాడది అయింది. యాభై ఏళ్ళ కింద ఏ కర్నూలు జిల్లా నుంచి మనల్ని విడదీశారో, మన యూనిట్ రేటు లెక్క మళ్ళీ ఆ ఊరికే చేరింది. అక్కడికి ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు. లాయరు అక్కర్లేదు. ఏటా రేట్ల ప్రతిపాదనల మీద బహిరంగ విచారణలు జరుగుతాయి, వీడియో కాన్ఫరెన్స్‌లో కూడా మాట్లాడొచ్చు. నేను కొన్ని చూశాను. మాట్లాడేది ఎక్కువగా రైతు సంఘాల పెద్దలు, పరిశ్రమల వాళ్ళు, రిటైరైన ఉద్యోగులు. మన వయసు వాళ్ళు దాదాపు కనపడలేదు.

రేట్లే కాదు, సేవకి కూడా మండలి గడువులు రాసింది. పల్లెటూళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే 48 గంటల్లో మార్చాలి, పట్నంలో 24. మార్చకపోతే వినియోగదారుడికి పరిహారం రావాలి. మిరప కాపు మీదున్నప్పుడు 48 గంటలంటే ఎంతో మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. ముందు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కంపెనీ ఫోరంలో తేలకపోతే పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. గ్యాస్ సిలిండరు రేటు గురించి కూడా ఇక్కడే అడగొచ్చా అని కొందరు మెసేజ్ పెట్టారు. అది ఈ మండలి పని కాదు, గ్యాస్ వ్యవహారం కేంద్రం చేతిలో ఉంది, దాని మీద వేరే ఎపిసోడ్ చేద్దాం.

ఇదంతా అవ్వకి నాకు చేతనైనంతలో చెప్పాను. ఇంధనం, కమిషన్, ప్రకటన అన్నీ విన్నది. నవంబర్‌లో ఫోన్ చేసి 13 పైసలు వెనక్కొస్తాయంట అన్నాను. నెలకి మాకు అరవై యూనిట్లు దాటవు. లెక్క నోటితోనే వేసేసింది.

"ఏడు రూపాయల ఎనభై పైసలు," అంది. "సెంటర్లో టీ పది రూపాయలు రా."